2000-పి సకాజవియా డాలర్: చీరియోస్ రకమా, మామూలుదా అని తోక ఈకలు చూసి తేల్చడం ఎలా?

మీ ప్రశ్న ఇది. డాలస్‌లో ఉంటున్న మీ తమ్ముడు తెచ్చిచ్చిన బంగారు రంగు ఒక డాలర్ నాణేలు డజను దాకా ఇంట్లో ఉన్నాయి. అన్నిటి మీదా 2000 అనీ, దాని కింద "పి" అనీ ఉంది. ఇలాంటి నాణెం ఉంటే లక్షలొస్తాయని ఎవరో వీడియోలో చెప్పారు. ఒక నాణెం మీద గద్ద రొమ్ముకు అడ్డంగా గీత కనిపిస్తోంది. వీటిలో ఖరీదైనది ఉందో లేదో ఇంట్లోనే తెలుసుకోవచ్చా?

తెలుసుకోవచ్చు. పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం, ఒక టేబుల్ లైటు ఉంటే చాలు. చూడాల్సింది సంవత్సరాన్నీ, "పి" అక్షరాన్నీ కాదు. బొరుసు వైపు ఎగురుతున్న గద్ద తోకలో నడిమి ఈకను చూడాలి. ఆ ఈక మధ్య కాడ ఉబ్బెత్తు గీతలా పైకి తేలి, దానికి రెండు పక్కలా ఏటవాలుగా సన్నని గీతలు స్పష్టంగా ఉంటే అది సేకర్తలు "చీరియోస్ డాలర్" అనే అరుదైన రకం. కాడ గాడిలా లోపలికి ఉండి, ఈకలు నునుపుగా, సాదాగా ఉంటే మామూలు నాణెం. దాని విలువ ఒక డాలర్. మీ డజనూ మామూలువే కావడానికే అవకాశం చాలా ఎక్కువ. రొమ్ము మీద గీత ఉన్నదాన్ని మాత్రం పక్కన పెట్టండి, దాని సంగతి వేరు, కింద రాస్తాను.

ముందుగా ఈ రెండు రకాలు ఎందుకు వచ్చాయో తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది.

సకాజవియా డాలర్ 2000 జనవరిలో చలామణీలోకి వచ్చింది. బొమ్మ వైపు, అమెరికా పడమటి ప్రాంతాల అన్వేషణకు సాగిన లూయిస్-క్లార్క్ యాత్రతో పాటు నడిచిన షోషోనీ తెగ స్త్రీ సకాజవియా, వీపు మీద పసికందుతో ఉంటుంది. అది గ్లెన్నా గుడేకర్ చేసిన రూపం. బొరుసు వైపు గద్ద, దాని చుట్టూ 17 నక్షత్రాలు థామస్ రోజర్స్ చేసినవి. ఆ యాత్ర మొదలైన 1804 నాటికి అమెరికాలో 17 రాష్ట్రాలే ఉన్నాయి, అందుకే ఆ లెక్క.

కొత్త నాణేనికి ప్రచారం కోసం అమెరికా టంకశాల, జనరల్ మిల్స్ కంపెనీ కలిసి ఒక పథకం పెట్టాయి. చీరియోస్ అనే ఓట్స్ అల్పాహారం కోటి డబ్బాల్లో ఒక్కోదానిలో 2000 సంవత్సరపు ఒక సెంటు నాణెం పెట్టారు. సుమారు రెండు వేల డబ్బాలకు ఒకదాంట్లో సెంటుతో పాటు కొత్త డాలర్ కూడా పెట్టారు. అలా వెళ్లిన డాలర్లు 5,500 అని లెక్క చెబుతారు. డబ్బాలు దుకాణాలకు సమయానికి చేరాలి కాబట్టి ఈ డాలర్లను 1999లోనే ముద్రించారు. ఆ తర్వాత, పెద్ద ఎత్తున ముద్రణ మొదలయ్యేలోపు, బొరుసు వైపు మూల అచ్చులో తోక ఈకలను మార్చి సాదా చేశారు. డబ్బాల్లోకి వెళ్లినవి పాత అచ్చువి, బ్యాంకులకు వెళ్లినవి కొత్త అచ్చువి. ఈ తేడాను సేకర్తలు గుర్తించింది 2005లో. అంటే ఐదేళ్ల పాటు ఎవరికీ అనుమానం రాలేదు. ఆ ఐదేళ్లలో డబ్బా విప్పి నాణేన్ని ఖర్చు పెట్టేసినవాళ్లు చాలామందే ఉంటారు. చలామణీలోంచి ఒకటి దొరకొచ్చన్న ఆశకు ఆధారం ఇదొక్కటే.

ఆ ఆశ ఎంత పెట్టుకోవచ్చో లెక్క వేసుకోండి. ఫిలడెల్ఫియాలో ముద్రించిన 2000-పి డాలర్లు 76,71,40,000. అందులో చీరియోస్‌వి 5,500. అంటే సుమారు లక్షా నలభై వేలకు ఒకటి. నిజానికి అంతకన్నా తక్కువే, ఎందుకంటే ఆ 5,500లో చాలా వరకు ఈపాటికి సేకర్తల దగ్గర, లేదంటే ఏ డ్రాయర్ అడుగునో ఉంటాయి. వీడియోల వాళ్లు "2000 పి ఉంటే చాలు" అని చెప్పేది ఈ సంఖ్యను దాచిపెట్టే.

టంకశాల గుర్తు. మన హైదరాబాద్ టంకశాల నాణెం మీద సంవత్సరం కింద నక్షత్రం ఉన్నట్టే, అక్కడ "పి" అంటే ఫిలడెల్ఫియా, "డి" అంటే డెన్వర్, "ఎస్" అంటే శాన్ ఫ్రాన్సిస్కో. సకాజవియా డాలర్ మీద ఇది బొమ్మ వైపు, కుడి పక్క సంవత్సరం కింద ఉంటుంది. చీరియోస్ రకం "పి"లోనే ఉంది. కాబట్టి "డి" కనిపిస్తే తోక చూడాల్సిన పని లేదు. కానీ ఆ "డి" నాణేన్ని పారేయకండి, పోల్చి చూడ్డానికి అంతకన్నా మంచి నమూనా ఉండదు. 2000-డి అన్నీ సాదా తోకవే. ఒక "డి" నాణెం పక్కన పెట్టుకుని "పి" నాణేలను ఒక్కొక్కటిగా చూస్తూ పోతే కన్ను తొందరగా అలవాటు పడుతుంది.

ఇక చూసే పద్ధతి. అందరూ తప్పుదోవ పట్టేది ఇక్కడే, కాబట్టి కొంచెం విడమరిచి చెబుతాను.

భూతద్దం పది రెట్లది తీసుకోండి, నగల పనివాళ్లు కంటికి పెట్టుకునేలాంటిది. ఐదు రెట్లది అయితే ఈకలు కనిపిస్తాయి గానీ కాడ పైకి ఉందో లోపలికి ఉందో తేలదు. ఇరవై, ముప్పై రెట్లది అయితే ఒకేసారి ఒక్క గీతే కనబడి, దాన్ని దేనితో పోల్చాలో తెలియక తికమక పడతారు. గదిలో ట్యూబ్‌లైట్ ఆర్పేయండి. నలుదిక్కులా పరుచుకున్న వెలుగులో ఎత్తుపల్లాల నీడలు పడవు. ఒకే ఒక టేబుల్ లైటు పెట్టి, వెలుగు ఏటవాలుగా, నాణెం మట్టానికి కొంచెం పైనుంచి పడేలా వంచండి. నాణేన్ని అంచులు పట్టుకుని ఎత్తండి, ముఖం మీద వేలు పెట్టకండి. కింద మెత్తని గుడ్డ పరిస్తే చేయి జారినా దెబ్బ తగలదు.

ఇప్పుడు బొరుసు వైపు తిప్పి తోక దగ్గరకు రండి. మధ్య ఈకను పట్టుకోండి. నాణేన్ని మెల్లగా తిప్పుతూ ఆ ఈక కాడ వెలుగు దిశకు అడ్డంగా వచ్చేలా చేయండి. ఇది ముఖ్యం. వెలుగు వచ్చే దారిలోనే కాడ నిలువుగా ఉంటే రెండు పక్కలా వెలుగు సమానంగా పడి, అది ఎత్తో పల్లమో అసలు తెలియదు. అడ్డంగా ఉన్నప్పుడు మాత్రమే ఒక పక్క మెరుస్తుంది, ఇంకో పక్క నీడ పడుతుంది.

ఇంకో చిక్కుంది. ఏటవాలు వెలుగులో మన కన్ను పల్లాన్ని ఎత్తుగానూ, ఎత్తును పల్లంగానూ పొరపాటు పడుతుంది. వెలుగు కింది వైపు నుంచి వస్తున్నప్పుడు ఇది మరీ ఎక్కువ. ఫోటోల్లో అయితే లైటు ఎటు ఉందో తెలియదు కాబట్టి గాడి కూడా ఉబ్బెత్తు గీతలా కనిపిస్తుంది. "నా దగ్గర చీరియోస్ ఉంది" అని ఫోటో పెట్టేవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే బోల్తా పడతారు. దీనికి మందు నాణెం మీదే ఉంది. గద్ద కింద "వన్ డాలర్" అక్షరాలు ఉన్నాయి కదా, అవి ఉబ్బెత్తువని మనకు ముందే తెలుసు. భూతద్దంలో చూడండి: ఉబ్బెత్తు అక్షరానికి లైటు వైపున్న అంచు మెరుస్తుంది, అవతలి అంచు చీకటిగా ఉంటుంది. ఇప్పుడు నాణెం కదపకుండా తోక కాడ చూడండి.

అక్షరాల లాగే లైటు వైపు అంచు మెరిసి, అవతల నీడ ఉంటే ఆ కాడ ఉబ్బెత్తు. దానికి తిరగబడి, లైటుకు దూరంగా ఉన్న అంచు మెరుస్తూ, లైటు వైపు చీకటి ఉంటే అది గాడి. ఇంతే. ఈ ఒక్క పరీక్ష చేస్తే వందలో తొంభై తొమ్మిది అనుమానాలు అక్కడికక్కడే తీరిపోతాయి.

తర్వాత నాణేన్ని సగం చుట్టు తిప్పి, అంటే తలకిందులు చేసి, మళ్లీ అదే చూడండి. రెండుసార్లూ ఒకే జవాబు రావాలి. రాకపోతే లైటు సరిగా లేదని అర్థం, నాణెంలో వింత ఉందని కాదు.

కాడ ఉబ్బెత్తుగానే ఉందని తేలితే రెండో గుర్తు చూడండి: ఈకల మీద ఏటవాలు గీతలు. చీరియోస్ రకంలో కాడ నుంచి అంచుల దాకా సన్నని గీతలు వరసగా, అసలు పక్షి ఈకలో ఉండేలాగే కనిపిస్తాయి. ఒక్క మధ్య ఈకలోనే కాదు, పక్క ఈకల్లోనూ ఆ పనితనం కనిపించాలి. రెండు గుర్తులూ కలిస్తేనే ముందుకు వెళ్లండి. ఒక్కటే ఉంటే అది మామూలు నాణెం మీద పడిన ఏదో గీతో, దెబ్బో అయి ఉంటుంది.

చాలామంది అడిగే మాట: "నా నాణెం తోక మిగతావాటి కన్నా చాలా స్పష్టంగా ఉంది, అదేనా?" కాదు. స్పష్టత వేరు, గీసిన రూపం వేరు. కొత్త అచ్చుతో గట్టిగా ఒత్తి ముద్రించిన మామూలు నాణెంలో తోక చాలా చక్కగా, పదునుగా కనిపిస్తుంది. అదే అచ్చు లక్షల నాణేలు కొట్టి అరిగాక వచ్చినదాంట్లో మసకగా ఉంటుంది. రెండింటిలోనూ కాడ గాడే. అలాగే చేతులు మారి అరిగిన చీరియోస్ నాణెంలో ఉబ్బెత్తు కాడ నలిగి చదునవుతుంది గానీ గాడిగా మారదు. ఏ అరుగుదలా పల్లాన్ని ఎత్తు చేయలేదు, ఎత్తును తవ్వి గాడి చేయలేదు. కాబట్టి పాతబడిన నాణేలను కూడా ఇదే పరీక్షతో చూడొచ్చు.

డబ్బాలో నాణేన్ని పెట్టిచ్చిన చీరియోస్ అట్టముక్కతో పాటు అమ్మే నాణేల గురించి కూడా ఒక మాట. వీటిలో ఎక్కువగా దొరికేవి సెంటు ఒక్కటే ఉన్నవి, అవి చవక. డాలర్ కూడా ఉన్న అట్ట అంటే ధర వేలల్లో ఉంటుంది. అట్ట అసలుదే అయినా అందులో నాణేన్ని మార్చి పెట్టడం కష్టం కాదు. అందుకే అట్టను నమ్మి డబ్బు ఇవ్వకండి, అందులోంచి కనిపించే తోకను నమ్మండి. బొరుసు వైపు కనబడకుండా ఫోటో పెట్టి అమ్మేవాణ్ణి దూరం పెట్టడమే మేలు.

తోక ఈకల వివరం ఎక్కువగా ఉన్న ఈ పాత రూపం ఇంకొక చోట ఉంది. 1999లో వెస్ట్ పాయింట్ టంకశాలలో ఇదే డాలర్‌ను 22 క్యారెట్ల బంగారంతో కొన్ని ముద్రించారు. వాటిలో 12 అదే ఏడాది జులైలో కొలంబియా వ్యోమనౌకలో అంతరిక్షానికి వెళ్లొచ్చాయి. అవి చాలా ఏళ్లు అమెరికా ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి. ఎవరైనా "బంగారు సకాజవియా" అమ్ముతామంటే అది దాదాపు ఎప్పుడూ మామూలు డాలర్‌కు బంగారు పూత పూసినదే. పూత పూసిన నాణేనికి సేకర్తల దగ్గర మామూలుదానికున్న విలువ కూడా ఉండదు.

గీత ఉన్న నాణెం. మీరు రాసిన గీత వల్లే నాకు ఈ ప్రశ్నలో ఆసక్తి కలిగింది. 2000-పి లోనే "వూండెడ్ ఈగల్", అంటే గాయపడ్డ గద్ద అనే రకం ఉంది. బొరుసు వైపు ఒక అచ్చుకు ముద్రణకు ముందో మధ్యలోనో గీరుడు పడింది. ఆ గీరుడు గద్ద రొమ్ము దగ్గర అడ్డంగా ఉంది, చూస్తే బాణం గుచ్చుకున్నట్టు ఉంటుంది. ఆ అచ్చుతో కొట్టిన ప్రతి నాణెం మీదా ఆ గీత అదే చోట, అదే వంపులో వచ్చింది.

దీన్ని పోల్చడానికీ పైన చెప్పిన వెలుగు పరీక్షే. అచ్చు మీద గీరుడు పడితే అక్కడ పల్లం ఏర్పడుతుంది. ముద్రించేటప్పుడు లోహం ఆ పల్లంలోకి ఎక్కుతుంది. కాబట్టి నాణెం మీద ఆ గీత ఉబ్బెత్తుగానే ఉండాలి. గోరుతో తాకి చూడకండి, భూతద్దంలోనే చూడండి. గీత లోపలికి ఉంటే అది నాణెం చేతులు మారాక ఎక్కడో గీసుకుపోయినది, విలువ ఒక డాలర్. బ్యాంకుల్లో, టికెట్ యంత్రాల్లో నాణేలు ఒకదానికొకటి రాసుకుని పడే గీతలు దాదాపు అన్నీ లోపలికే ఉంటాయి, వాటి రెండు అంచులా లోహం కొంచెం చిట్లి లేచినట్టు కనిపిస్తుంది. ఈ చిట్లిన అంచును చూసి ఉబ్బెత్తు గీత అని పొరపడేవాళ్లూ ఉన్నారు. గీత నడుమ భాగం చూడండి, అంచును కాదు.

ఉబ్బెత్తుగా ఉంటే, ధ్రువీకరించిన నాణేల ఫోటోలు తెరిచి గీత మొదలయ్యే చోటు, ముగిసే చోటు కలుస్తున్నాయో చూడండి. సేకర్తల జాబితాల్లో దీనికి ఎఫ్‌ఎస్-901 అని సంఖ్య ఉంది, ఆ సంఖ్యతో వెతికితే పెద్ద ఫోటోలు దొరుకుతాయి. వేరే చోట ఉబ్బెత్తు గీత ఉంటే అది అచ్చు పగులు అయ్యుండొచ్చు. అవి చాలా మామూలు, సరదాగా దాచుకోవచ్చు, డబ్బు రాదు. అసలైన గాయపడ్డ గద్ద మంచి స్థితిలో ఉంటే వందల డాలర్లలో అమ్ముడుపోతుంది. చీరియోస్ రకం వేల డాలర్లలో ఉంటుంది. రెండింటికీ స్థితిని బట్టి ధర చాలా మారుతుంది, అందుకే ఇక్కడ ఒక అంకె పట్టుకుని కూర్చోకండి. ఈ మధ్య ముగిసిన వేలాల ధరలు చూడండి, అమ్మేవాళ్లు అడిగే ధరలు కాదు.

ఈ రెండు రకాల తేడాలో ఒక సూక్ష్మం ఉంది. చీరియోస్‌ది రూపంలో తేడా, మూల అచ్చులోనే మార్పు. అంటే ఆ మూల అచ్చు నుంచి తీసిన ప్రతి అచ్చూ, ప్రతి నాణెమూ అలాగే ఉంటాయి. గాయపడ్డ గద్ద ఒక్క అచ్చుకు తగిలిన దెబ్బ. మూడోది, ముద్రణ అయ్యాక నాణేనికి తగిలిన దెబ్బ. వీడియోల్లో ఈ మూడో రకాన్నే "ఎర్రర్ కాయిన్" అని అమ్ముతుంటారు.

మిగతా 2000 డాలర్ల గురించి తొందరగా చెప్పేస్తాను.

గ్లెన్నా గుడేకర్‌కు పారితోషికంగా టంకశాల 5,000 డాలర్లను ఇవే నాణేల రూపంలో ఇచ్చింది. వాటికి ప్రత్యేకంగా మెరుగు పెట్టారు. తోక మాత్రం సాదాదే. విడి నాణేన్ని చూసి "ఇది గుడేకర్‌ది" అని చెప్పడం దాదాపు అసాధ్యం. మెరుస్తోంది కదా అని అనుకోవద్దు. నాణేన్ని పరీక్షించి, స్థితి రాసి, ప్లాస్టిక్ పెట్టెలో మూసి ఇచ్చే ధ్రువీకరణ సంస్థ పెట్టెలో ఉంటేనే దానికి ఆ పేరు, ఆ ధర.

2000-డిలో కూడా మెరుగు పెట్టినవి ఉన్నాయి. మిలీనియం సెట్ అని ఒక వెండి డాలర్, ఒక డాలర్ నోటుతో కలిపి 75,000 సెట్లు అమ్మారు. సెట్ నుంచి విప్పి విడిగా అమ్మినవి అప్పుడప్పుడూ కనిపిస్తాయి.

బొమ్మ వైపు సకాజవియాకు బదులు జార్జ్ వాషింగ్టన్ ఉండి, బొరుసు వైపు ఈ గద్దే ఉన్న నాణేలు కూడా పొరపాటున వచ్చాయి. పావు డాలర్ అచ్చూ, డాలర్ అచ్చూ జత కలిసిపోయాయన్నమాట. మొదటిది 2000లో ఆర్కన్సాలో దొరికింది. తెలిసినవి రెండు పదులకు అటూ ఇటూ, ధర లక్ష డాలర్లు దాటింది. మీకు అలాంటిది దొరికితే, ముందుగా బొమ్మ వైపు అంచు లోపలి గీతను భూతద్దంతో చుట్టూ చూడండి. ఇంద్రజాలికులు వాడే నాణేలను రెండు నాణేలు తొలిచి ఒకదాన్లో ఒకటి బిగించి చేస్తారు. అంచు లోపల సన్నని అతుకు కనిపిస్తుంది. అసలుదాని మీద సంవత్సరమే ఉండదు. ఎందుకంటే ఆ కాలపు పావు డాలర్‌కు సంవత్సరం బొరుసు వైపు ఉంటుంది, డాలర్‌కు బొమ్మ వైపు ఉంటుంది. జతలో రెండూ పోయాయి.

2009 నుంచి బొరుసు వైపు గద్ద పోయి ఏటా ఒక కొత్త బొమ్మ వస్తోంది. సంవత్సరం, టంకశాల అక్షరం నాణెం అంచు మీదకు వెళ్లాయి. "నా నాణెం మీద సంవత్సరం లేదు, ఎర్రరా?" అని అడిగేవాళ్లు ముందు అంచు తిప్పి చూడాలి. అంచు మీద రాత తలకిందులుగా ఉందని సంబరపడకండి. రాత ఎటు పడుతుందన్నది చలామణీ నాణేల్లో ఏ లెక్కా లేకుండా జరుగుతుంది. అంచు మీద రాతే లేకపోతే మాత్రం పక్కన పెట్టండి. 2000 నుంచి 2008 దాకా అంచు నున్నగానే ఉండాలి, వాటికి ఈ మాట వర్తించదు.

తూకం. నగలు తూచే చిన్న త్రాసు మీద ఒకసారి వేయండి. 8.1 గ్రాములు రావాలి, వ్యాసం 26.5 మిల్లీమీటర్లు. నడుమ శుద్ధమైన రాగి, రెండు వైపులా మాంగనీస్ కలిసిన ఇత్తడి పొర. అయస్కాంతానికి అంటదు. అంటితే నకిలీ. ఈక్వడార్ 2000లో డాలర్‌నే తన కరెన్సీగా చేసుకుంది. అమెరికాలో జనం పట్టించుకోని ఈ నాణెం అక్కడ బాగా చలామణీ అవుతుంది, నకిలీలూ అక్కడ బాగా తిరిగాయి. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన నాణేలైతే తూకం తప్పకుండా చూడాలి. ఒక వైపు బంగారు రంగు, ఇంకో వైపు రాగి ఎరుపు ఉండి, తూకం 6 గ్రాముల దగ్గర ఉంటే ఒక పొర లేకుండా వచ్చిందని అర్థం. అది నిజమైన ముద్రణ లోపం. తూకం సరిగ్గా 8.1 ఉండి రంగు మాత్రమే ఎర్రబడితే అది గాలి, చెమట పని.

ఈ నాణేలు తొందరగా నల్లబడతాయి, గోధుమ రంగుకు తిరుగుతాయి. అది చూసి మన ఇళ్లలో ఎవరికైనా చేయి దురద పెడుతుంది: పూజ సామాను తోమినట్టు చింతపండు పెట్టి తోముదామని. చింతపండు, నిమ్మకాయ, పీతాంబరి పొడి, టూత్‌పేస్ట్, ఏదీ తాకనివ్వద్దు. పులుపు ఇత్తడి పై పొరను తినేస్తుంది, రుద్దితే వేల సన్నగీతలు పడతాయి. ఒకసారి తోమిన నాణేన్ని ధ్రువీకరణ సంస్థ "కడిగినది" అని రాసి పంపిస్తుంది, ధర సగానికి పైగా పడిపోతుంది. జిగురు, నూనె అంటి తోక కనబడకపోతే శుద్ధమైన అసిటోన్‌లో, గాజు గిన్నెలో ఒక నిమిషం ఉంచి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, రుద్దకుండా ఆరనివ్వండి. గోళ్ల రంగు తీసే ద్రావణం అదే కదా అని వాడకండి, అందులో నూనెలు, సువాసనలు కలుపుతారు. కిటికీ తెరిచి, పొయ్యికి దూరంగా చేయండి, అది మండే ద్రవం. దాచడానికి మెత్తని పీవీసీ ప్లాస్టిక్ కవర్లు వద్దు, కొన్నేళ్లకు వాటిలోంచి పచ్చని జిగట దిగుతుంది. 26.5 మిల్లీమీటర్లకు సరిపోయే గట్టి ప్లాస్టిక్ డబ్బీలు చవకగా దొరుకుతాయి.

ఇక ధ్రువీకరణ. పీసీజీఎస్, ఎన్‌జీసీ, అనాక్స్ అనే అమెరికా ధ్రువీకరణ సంస్థలు చీరియోస్, గాయపడ్డ గద్ద రకాలు రెండింటినీ గుర్తించి పెట్టె మీద రాస్తాయి. పంపేటప్పుడు నింపే కాగితంలో రకం గుర్తింపు విడిగా అడగాలి, దానికి విడిగా రుసుము ఉంటుంది. అడగకపోతే వాళ్లు స్థితి మాత్రమే రాసి పంపే వీలుంది, మళ్లీ పంపాలంటే మళ్లీ ఖర్చు. రుసుములు, పోస్టు కలిపితే ఒక నాణేనికి పదుల డాలర్లు అవుతాయి. కాబట్టి పైన చెప్పిన రెండు తోక గుర్తులూ కలిసిన నాణేనికో, రొమ్ము మీద ఉబ్బెత్తు గీత ఫోటోలతో కలిసినదానికో మాత్రమే ఈ ఖర్చు పెట్టండి. "ఏమో, పంపి చూద్దాం" అనుకుంటే ఒక డాలర్ నాణేనికి యాభై రెట్లు ఖర్చు చేసినట్టే. మీ తమ్ముడు అక్కడే ఉన్నాడు కాబట్టి ఇక్కడి నుంచి పోస్టులో పంపే బదులు, ఎవరైనా వెళ్లేటప్పుడు పంపించి అతని చేత అక్కడ ఇప్పించడం సులువు. ఇక్కడ మామూలు నాణేలను రూపాయల్లోకి మార్చుకోవడం కష్టం, మనీ ఛేంజర్లు నోట్లే తీసుకుంటారు గానీ చిల్లర ముట్టుకోరు. అవి కూడా అతనికే ఇస్తే అక్కడ ఒక్కోటీ ఒక డాలర్‌గా చెల్లుతాయి.

గీత ఉన్న నాణెం గురించి ఇక్కడ ఇంకా అభిప్రాయం కావాలంటే ఫోటో పెట్టండి. స్కానర్‌లో తీయకండి, అది ఎత్తుపల్లాలను చదును చేసేస్తుంది. ఫోన్ కెమెరాను భూతద్దం మీద ఆనించి, ఫ్లాష్ ఆపి, లైటు ఎడమ పై మూల నుంచి పడేలా పెట్టి ఒకటి, నాణేన్ని కదపకుండా లైటును కుడి పై మూలకు మార్చి ఇంకొకటి తీయండి. ఫ్రేములో తోక, రొమ్ము, "వన్ డాలర్" అక్షరాలు మూడూ ఉండాలి. ఏ ఫోటోలో లైటు ఎటు ఉందో కింద రాయండి, తూకం కూడా రాయండి. అవి ఉంటే గీత ఉబ్బెత్తో, గాడో ఇక్కడివాళ్లు ఎవరైనా చెప్పగలరు.